నాలుగు కుట్టుమిషన్ల బాకీ

సంపాదకులకు,

నమస్కారం. మారుమనస్సు పొందానని చెప్పుకుంటే సరిపోతుందా అని అడుగుతూ మీ లేఖల పేజీలో ఈమధ్య వచ్చిన ఉత్తరం చదివాను. ఏళ్ళ తరబడి నలుగురి ఉసురు పోసుకున్నవాడు ఒకరోజు బైబిల్ చేత్తో పట్టుకుని, దేవుడు నన్ను క్షమించాడు అని తిరిగితే, వాడి వల్ల నలిగిపోయినవాళ్ళకి ఏం ఒరిగింది అని ఆ పెద్దమనిషి అడిగారు. కోపంగానే అడిగారు. ఆ కోపంలో న్యాయం ఉంది. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. పదిహేనేళ్ళ వయసులో మా నాన్నని ఎదురుగా నిలబెట్టి నేనే అడిగాను. కాస్త పొడుగైనా ఈ ఉత్తరం పూర్తిగా చదవమని మనవి. ఇది రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెబుతాను.

మా నాన్న ఒక వడ్డీ వ్యాపారి దగ్గర వసూళ్ళ మనిషి. అప్పు ఇచ్చేది ఆయన కాదు. గుమ్మం ముందు నిలబడి అరిచేది మాత్రం ఆయనే. బాకీ ఉన్నవాళ్ళ ఇంటికి పొద్దున్నే, చుట్టుపక్కలవాళ్ళంతా లేచి బయట తిరుగుతున్న వేళ చూసుకుని వెళ్ళేవాడు. లోపలికి రమ్మన్నా వెళ్ళేవాడు కాదు. లోపలికి వెళ్తే గొంతు తగ్గించాలి కదా. "నలుగురూ వింటేనే డబ్బు బయటికొస్తుంది" అని ఇంట్లో అమ్మతో అనేవాడు, అదేదో పనితనం అన్నట్టు.

అరుపులు ఒక ఎత్తు, లెక్క ఇంకో ఎత్తు. ఎవరైనా కష్టపడి అసలులోకి కొంత కట్టబోతే దాన్నీ వడ్డీ కిందే జమ వేసేవాడు. అసలు కదిలేది కాదు. కొన్నిసార్లు ఆ జమ కూడా రాసేవాడు కాదు. కట్టిన డబ్బు ఆయన జేబులోకి పోయేది, బాకీ పుస్తకంలో అలాగే నిలిచేది. మొన్న ఇచ్చాం కదయ్యా అంటే రసీదు చూపించమనేవాడు. ఆయన ఎవరికీ రసీదు ఇచ్చేవాడు కాదు. సాయంత్రానికి తాగేవాడు. తాగి వచ్చి అమ్మ మీద ఏం చేసేవాడో ఇక్కడ రాయను. అమ్మ బతికే ఉంది, అది చెప్పాలో వద్దో ఆమె ఇష్టం.

బడిలో నా పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. ఒకరోజు పొద్దున్న నాన్న వాళ్ళింటి ముందు అరిచి వచ్చాడు. ఆ అమ్మాయి బడికి వచ్చింది, నాతో ఒక్క మాటా అనలేదు. తన పుస్తకాల సంచీ తీసి బల్ల మీద మా ఇద్దరి మధ్య పెట్టింది. ఏడాదంతా ఆ సంచీ అక్కడే ఉంది. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

నాన్న వెళ్ళే ఇళ్ళలో ఒకామె ఉండేది. భర్త పోయాడు, ఆయన చేసిన అప్పు ఆమె మీద పడింది. యేసుప్రభువును నమ్ముకున్న మనిషి. మిగతా ఇళ్ళలో నాన్న వస్తున్నాడంటే తలుపులు మూసేవాళ్ళు. ఈమె తలుపు తీసి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మం దగ్గర వేసి, "కూర్చోండి అన్నా" అనేది. నాన్న కూర్చునేవాడు కాదు. నిలబడే అరిచేవాడు. ఆమె అంతా విని, ఉన్నది ఇచ్చి, లేనిది లేదని చెప్పి, ఆయన సందు మలుపు తిరిగాక కుర్చీ లోపల పెట్టుకునేది. తర్వాతి వారం మళ్ళీ కుర్చీ. ఇలా రెండేళ్ళు. ఒకరోజు నాన్నకి జ్వరం. నిలబడలేక కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళు ఇచ్చి, "మీ పేరేంటన్నా?" అని అడిగింది. అన్నేళ్ళ వసూళ్ళలో ఆయన పేరు అడిగినవాళ్ళు లేరు. వసూళ్ళవాడు వచ్చాడు అనేవాళ్ళు, అంతే. ఎందుకు అన్నాడట నాన్న. "ప్రార్థనలో చెప్పుకోవడానికి. ఇన్నాళ్ళూ పేరు తెలియక, మా ఇంటికొచ్చే అన్న అని చెప్పుకుంటున్నాను" అందట.

ఆయన అప్పుడే మారిపోయాడని అనుకోకండి. బయటికొచ్చి, డబ్బు ఎగ్గొట్టడానికి కొత్త ఎత్తు వేస్తోందని అమ్మతో చెప్పాడు.

చర్చికి ఆయన మొదటిసారి వెళ్ళింది భక్తితో కాదు. తప్పించుకు తిరుగుతున్న ఒక బాకీదారుడు ఆదివారం ఆరాధనకి తప్పకుండా వస్తాడని ఎవరో చెబితే, బయటికి రాగానే పట్టుకుందామని వెళ్ళాడు. వాన పడుతుంటే కిటికీ పక్కన చూరు కింద నిలబడ్డాడు. లోపల పాస్టరుగారు జక్కయ్య గురించి చెబుతున్నారు. లూకా సువార్త 19వ అధ్యాయం. క్రైస్తవులు కానివాళ్ళ కోసం ఆ కథ నాలుగు ముక్కల్లో చెబుతాను.

యెరికో పట్టణంలో సుంకరులకి పెద్ద జక్కయ్య. రోమా ప్రభుత్వం తరఫున సుంకం వసూలు చేసేవాళ్ళు సుంకరులు. కట్టాల్సిందానికి మించి గుంజి, ఆ పైది తామే ఉంచుకునేవాళ్ళు. యేసు కాలంలోనే ఉన్న ప్రవక్త, బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి మేమేం చేయాలి అని అడిగితే, మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడంటే ఏం జరుగుతుండేదో అర్థమవుతుంది. పైగా పరాయి ప్రభుత్వం కోసం సొంతవాళ్ళని పిండేవాళ్ళు. అందుకే సువార్తల్లో "సుంకరులు, పాపులు" అని ఆ రెండు మాటలూ జంటగా వినిపిస్తాయి. జక్కయ్య అన్న పేరుకి హెబ్రీ మూలంలో నిర్దోషి, స్వచ్ఛమైనవాడు అని అర్థం. ఊరంతా అసహ్యించుకునే మనిషికి ఆ పేరు. ఆయన పొట్టివాడు. గుంపులో యేసు కనబడక, ముందుకు పరుగెత్తి మేడి చెట్టు ఎక్కాడు. యేసు ఆ చెట్టు కిందికి వచ్చి, తలెత్తి చూసి, పేరు పెట్టి పిలిచి, త్వరగా దిగు, ఈ రోజు నేను మీ ఇంట్లో ఉండాలి అన్నాడు. చూస్తున్నవాళ్ళు సణిగారు, పాపి ఇంటికి బస చేయడానికి వెళ్ళాడని.

కిటికీ బయట నిలబడ్డ నాన్నకి ఇది తన కథే అనిపించింది. అనిపించగానే కరిగిపోలేదు, మండిపడ్డాడు. ఆ కుర్చీ వేసే ఆమే పాస్టరుగారికి తన గురించి చెప్పి, పదిమందిలో పరువు తీయించిందనుకున్నాడు. బాకీదారుణ్ణి వదిలేసి తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళి, ఆమె వచ్చేదాకా వానలో నిలబడి గొడవ పెట్టుకున్నాడు. ఆమె అంతా విని, "నేనేం చెప్పలేదన్నా. ఆ కథ జరిగి రెండు వేల ఏళ్ళవుతోంది" అని, తన చేతిలో ఉన్న బైబిలే ఇచ్చి, ఇంటికెళ్ళి మీరే చదువుకోండి అంది.

ఆ బైబిల్ మా ఇంట్లో అటక మీద మూడు నెలలు పడి ఉంది. తర్వాత ఎప్పుడు దించాడో నాకు తెలియదు. ఒక రాత్రి నన్ను లేపి, కళ్ళద్దాలు దొరకడం లేదు, ఇది చదివిపెట్టు అన్నాడు. తాగి లేడు, అందుకే నాకు భయం వేసింది. ఆయన వేలు పెట్టి చూపించింది కొలొస్సయులకు పౌలు రాసిన పత్రికలో 2వ అధ్యాయం, 14వ వచనం. మన మీద ఋణంగా, మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకి కొట్టి, అడ్డు లేకుండా తీసేశాడని ఉంటుంది అక్కడ. నేను చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. నాలుగోసారికి నాకు విసుగొచ్చి, ఇందులో ఏముంది నాన్నా అన్నాను.

"పత్రం అంటే ఏంటో తెలుసా నీకు?" అన్నాడు. "ప్రోనోటు."

తర్వాత చాలా ఏళ్ళకి నేను వ్యాఖ్యానాలు చదివినప్పుడు తెలిసింది, ఆయన చెప్పింది తప్పేమీ కాదని. అక్కడున్న గ్రీకు మాటకి అప్పు తీసుకున్నవాడు స్వహస్తంతో రాసిచ్చిన కాగితం అనే అర్థం. నాన్నకి గ్రీకు తెలియదు, ప్రోనోటు తెలుసు. సంతకం పెట్టేటప్పుడు మనిషి చెయ్యి ఎలా వణుకుతుందో తెలుసు. బాకీ తీరితే నోటు వెనక చెల్లు రాసి, చించి, అప్పు తీసుకున్నవాడి చేతికే ఇచ్చేయాలనీ తెలుసు. ఆయన ఆ పని ఎన్నోసార్లు చేయకుండా ఎగ్గొట్టాడు. తీరిపోయిన నోట్లు కూడా దాచిపెట్టి మళ్ళీ వసూలుకి వెళ్ళాడు. "నా మీద ఉన్న నోటు తీసి చెల్లు రాశాడమ్మా. నేను పైసా కట్టలేదు. కట్టినవాడు వేరే" అని ఏడ్చాడు. నేను ఆయన పక్కన కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అప్పుడే అడిగాను ఆ ప్రశ్న: "నీకు చెల్లు రాస్తే సరిపోయిందా నాన్నా? మరి నువ్వు దాచిన నోట్లు?"

ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు పనికి వెళ్ళలేదు. ఒక నోటుబుక్కు కొని, జ్ఞాపకం ఉన్నంత మటుకు పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఎవరి దగ్గర ఎంత ఎక్కువ తీసుకున్నాడు, ఎవరి జమ రాయలేదు, ఎవరి నోటు తన దగ్గరే ఉంది. వారం రోజులు రాశాడు. 31 పేర్లు వచ్చాయి.

లేఖ రాసిన పెద్దమనిషికి నేను చెప్పాలనుకున్న మాట ఇక్కడుంది. జక్కయ్య కథలో యేసు ఆయన్ని, ముందు డబ్బు తిరిగివ్వు, తర్వాత మీ ఇంటికి వస్తాను అనలేదు. ఒక్క షరతు పెట్టలేదు. ముందు ఇంట్లో అడుగుపెట్టాడు. ఆ తర్వాత జక్కయ్య తనంతట తాను లేచి నిలబడి, నా ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా ఎవరి దగ్గరేం తీసుకున్నా నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. ఈ వరస తిప్పి చెబితే అది రక్షణ కాదు, బేరం. ఆ రెండో సగం వదిలేసి చెప్పినా అది రక్షణ కాదు, మీరన్నట్టు తప్పించుకునే దారి. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని యేసు అన్నది, జక్కయ్య లేచి నిలబడి ఆ మాట చెప్పాకే.

నాలుగంతలు అన్నది కూడా నోటికొచ్చిన అంకె కాదు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తప్పు తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలుకి ఐదోవంతు కలిపి ఇస్తే చాలు, బైబిల్లో సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. నాలుగంతలు దొంగకి వేసే శిక్ష. నిర్గమకాండం 22వ అధ్యాయంలో, గొర్రెని దొంగిలించి కోసినా అమ్మినా ఒకదానికి నాలుగు ఇవ్వాలి, ప్రాణంతో వాడి దగ్గరే దొరికితే రెండు చాలు అని ఉంటుంది. ఒప్పుకోలుకి తక్కువ లెక్క ఉన్నా జక్కయ్య దొంగ లెక్కే ఎంచుకున్నాడు. తనని తాను దొంగ అని పిలుచుకున్నాడన్నమాట. నాన్న ఈ రెండు అధ్యాయాలూ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాడు. డబ్బు లెక్కలన్నిటికీ ఐదోవంతు కలిపాడు. ఒక్కదానికి మాత్రం నాలుగంతలు వేశాడు. దాని గురించి చివర్లో చెబుతాను.

మొదట వెళ్ళింది ఆ కుర్చీ ఇంటికే. తీరిపోయిన నోటు ఆమె చేతికిచ్చి, నీ దగ్గర ఇంత ఎక్కువ తీసుకున్నానమ్మా అని అంకె చెప్పాడు. ఆమె లోపలికెళ్ళి రెండు పాత క్యాలెండర్లు తెచ్చింది. ఆయన వచ్చిన ప్రతి తేదీ పక్కనా పెన్సిల్‌తో ఇచ్చిన మొత్తం రాసి ఉంది. ఇద్దరూ కూర్చుని కూడారు. నాన్న చెప్పిన అంకె కంటే అది ఎక్కువే వచ్చింది. ఆమెకి మొదటినుంచీ తెలుసు. తెలిసే ప్రతి వారం కుర్చీ వేసింది. ఇంటికొచ్చి ఈ మాట చెబుతూ నాన్న గోడకి చేరగిలబడి అలాగే చాలాసేపు ఉండిపోయాడు. నేను మా నాన్నని మొదటిసారి నమ్మింది అప్పుడు. ఆయన కన్నీళ్ళు చూసి కాదు, ఆ క్యాలెండర్ అంకె నోటుబుక్కులో పాత అంకె కొట్టేసి రాసుకోవడం చూసి.

అన్ని ఇళ్ళలో ఇలా జరగలేదు. ఒకాయన డబ్బు తీసుకుని లెక్కపెట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా తలుపేసుకున్నాడు. ఇంకొకాయన తీసుకోనే లేదు. "నీ అరుపులకి నా కూతురు పెళ్ళి చెడింది. దానికి ఐదోవంతు ఎంత వేస్తావు?" అని అడిగాడు. నాన్న దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు. క్షమించమని మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఆయన్ని విసిగించలేదు నాన్న. "క్షమించడం ఆయన హక్కు, నా బాకీ కాదు వసూలు చేసుకోడానికి" అన్నాడు. ఈ ఒక్క మాట ఎన్నో ప్రసంగాల్లో వినాలని నాకుంటుంది. దేవుడు క్షమించాడు కాబట్టి నువ్వూ క్షమించి తీరాలి అని దెబ్బ తిన్నవాళ్ళ మెడ మీద కూర్చునే విశ్వాసులని నేను చూశాను. అది మళ్ళీ గుమ్మం ముందు అరవడమే.

అమ్మ రెండేళ్ళు నమ్మలేదు. ఆయన నిద్రపోయేదాకా తను పడుకునేది కాదు. బండి అమ్మి బాకీలు కట్టాడు, అమ్మ నగలు అడగలేదు. అడిగి ఉంటే అమ్మ ఇచ్చేది కాదు, ఇవ్వకపోవడమే సరైంది. వసూళ్ళ పని పోయాక గోదాములో మూటలు ఎత్తే పనికి కుదిరాడు. దొంగతనం చేసేవాడు ఇక చేయక, అక్కరలో ఉన్నవాళ్ళకి పంచిపెట్టడానికి తన చేతులతో కష్టపడి పనిచేయాలని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది. మా ఇంట్లో ఆ వాక్యం గోడకి తగిలించలేదు, ఆయన భుజాల మీద కాయలు కాసింది.

ఎనిమిదో నెలలో మళ్ళీ తాగాడు. ఒక్కరోజే. మర్నాడు తనే వెళ్ళి సంఘ పెద్దలతో చెప్పాడు. వాళ్ళలో ఒకరు, నాకు ముందే తెలుసు, కుక్కతోక వంకరే అన్నారు. ఆ మాట నాన్నకంటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఒక్క ప్రార్థనతో మనిషి మొత్తం కడిగేసినట్టు మారిపోతాడని చెప్పేవాళ్ళ వల్లే, కాలు జారినవాడు వేషగాడిలా కనబడతాడు. జాన్ న్యూటన్ సంగతి చాలామందికి తెలుసు. 1725లో పుట్టిన ఆంగ్లేయుడు, బానిసల ఓడల మీద పనిచేసినవాడు. 1748లో తుపానులో ఓడ మునిగిపోబోతుంటే దేవుణ్ణి వేడుకున్నాడు, ఆ రోజునే తన మారుమనస్సుకి మొదలుగా జీవితాంతం చెప్పుకున్నాడు. అక్కడితో ఆపి చెబుతారు. కానీ ఆ తర్వాతే ఆయన బానిసల ఓడలకి కెప్టెన్ అయ్యాడు. 1754 దాకా మనుషుల్ని గొలుసులతో కట్టి సముద్రం దాటించాడు, అదీ ప్రార్థన చేసుకుంటూనే. మానింది జబ్బు చేసి. 1764లో పాదిరి అయ్యాడు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన చేయి ఎంతో ఒప్పుకుంటూ బహిరంగంగా రాసింది 1788లో. ఓడ దిగిన 34 ఏళ్ళకి. బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించిన 1807 చివర్లోనే కన్నుమూశాడు. మారుమనస్సు అబద్ధమా? కాదు. కానీ కళ్ళు పూర్తిగా తెరుచుకోవడానికి అంతకాలం పట్టింది, ఆ కాలమంతా బాధ పడింది వేరేవాళ్ళు. ఈ రెండు ముక్కలూ కలిపి చెబితేనే నిజం చెప్పినట్టు.

సంఘం గురించి కూడా కొంచెం చెప్పాలి. నాన్న చర్చికి రావడం మొదలుపెట్టిన కొత్తలో ఆయన కూర్చున్న వరసలో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నాకు ఆ పుస్తకాల సంచీ జ్ఞాపకం వచ్చేది. ఒకప్పుడు విశ్వాసుల్ని హింసించి, తర్వాత మారుమనస్సు పొందిన పౌలు యెరూషలేముకి వస్తే శిష్యులు కూడా నమ్మక భయపడ్డారని అపొస్తలుల కార్యముల్లో ఉంది, కాబట్టి భయం తప్పని నేననను. బర్నబా అనే ఒకాయన పౌలుని చేయిపట్టుకుని తీసుకెళ్ళాడు. మా సంఘంలో ఆ పని చేసింది కుర్చీ వేసిన ఆమె. ఆరు నెలలు ఎవరూ కూర్చోని ఆ వరసలో, ఆయన పక్కకి వచ్చి కూర్చుంది.

నాలుగేళ్ళు గడిచి ఆయన మార్పు అందరికీ తెలిశాక పరిస్థితి తిరగబడింది. సాక్ష్యం చెప్పమని కూడికలకి పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో ఒకటి రెండుసార్లు చెప్పాడు. తర్వాత ఒక నిర్వాహకుడు, పాత జీవితం గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పండి, జనం కదులుతారు అన్నాడట. ఆ రోజునుంచీ స్టేజీ ఎక్కలేదు. "నేను చెప్పుకునే ఆ పాపాలు ఎవరో ఒకరి కన్నీళ్ళమ్మా. వాళ్ళు ఆ గుంపులో కూర్చుని ఉంటే?" అన్నాడు. ఎవరైనా వచ్చి విడిగా అడిగితే మాత్రం చెప్పేవాడు, ముఖ్యంగా తాగుడు మానలేనివాళ్ళకి. గంటలు గంటలు.

యేసు పక్కనే సిలువ మీద ఉండి ఆఖరి ఘడియలో ఆయన్ని వేడుకున్న దొంగ సంగతేమిటి, వాడు ఎవరికీ ఏమీ తిరిగివ్వకుండానే పరదైసుకి, అంటే స్వర్గానికి, వెళ్ళాడు కదా అని ఆ పెద్దమనిషి రాశారు. నిజమే. ఆ దొంగ చేతులు సిలువకి బిగించి ఉన్నాయి, తిరిగివ్వడానికి అవి కదలవు. ఉన్న నోటితో తను చేయగలిగింది చేశాడు, మనకిది న్యాయమే అని ఒప్పుకున్నాడు. కృప ఎంత ఉచితమో చూపించడానికి ఆ మనిషి ఉన్నాడు. చేతులు ఆడుతున్నవాళ్ళకి జక్కయ్య ఉన్నాడు.

ఊరు ఊరంతా తిట్టినా మా నాన్న మారలేదు. ఆ తిట్లన్నీ ఆయనకి అర్హమైనవే, అయినా మారలేదు. తిట్టేకొద్దీ గొంతు పెంచాడు. పోలీసు స్టేషన్‌లో రెండుసార్లు పెట్టారు, బయటికొచ్చి ఇంకా మొండికేశాడు. శిక్ష వద్దని నేననడం లేదు, దెబ్బ తిన్నవాళ్ళకి న్యాయం జరగాలి, అది ప్రభుత్వం పని. కానీ ఆయనలోపల ఏదో విరిగింది మాత్రం, తను మోసం చేసిన మనిషి తెలిసీ తనకి కుర్చీ వేసిందని అర్థమైనప్పుడు. ఆమె అలా ఎందుకు చేయగలిగిందని నేను ఆమెనే అడిగాను. "నా నోటు వెనక కూడా చెల్లు రాసి ఉంది కదమ్మా" అంది. నేను ఆ తర్వాత రెండేళ్ళకి బాప్తిస్మం తీసుకున్నాను, ఎవరూ బలవంతం చేయలేదు.

నాన్న కిందటేడు పోయారు. ఆ నోటుబుక్కు నా దగ్గర ఉంది. 31 పేర్లలో 26 కొట్టేసి ఉన్నాయి. ముగ్గురు తీసుకోం అన్నారు, వాళ్ళ పేర్ల పక్కన ఆ మాటే రాసి ఉంది. ఒకాయన పోయాడు, వారసులు లేరు, ఆ డబ్బు బీదలకి వెళ్ళింది. ఒక్క పేరు మిగిలింది.

ఆమె బట్టలు కుట్టి ఇల్లు నడుపుకునేది. రెండు నెలలు వడ్డీ ఆగితే నాన్న వెళ్ళి కుట్టుమిషన్ ఎత్తుకొచ్చేశాడు. అందరూ చూస్తుండగా. ఎత్తేటప్పుడు దాని మీద సగం కుట్టిన పసిపిల్ల గౌను సూది కిందే ఉండిపోయిందట, లాగితే చిరిగింది. వారంలోపే మిషన్ అమ్మేశాడు. ఆ కుటుంబం రాత్రికి రాత్రే వెళ్ళిపోయింది, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. మారుమనస్సు పొందాక నాన్న ఆ మిషన్ ఎవరు కొన్నారో వెతికి పట్టుకున్నాడు. వాళ్ళ దగ్గర తిరిగి కొనడానికి వీల్లేకపోయింది, అప్పటికే వాళ్ళూ అమ్మేశారు. గొర్రెని అమ్మేసినవాడు నాలుగు ఇవ్వాలి. ఆయన నాలుగు కొత్త మిషన్ల డబ్బు విడిగా బ్యాంకులో వేస్తూ వచ్చాడు, ధర పెరిగినప్పుడల్లా ఆ తేడా కూడా కలిపేవాడు. పోయే ముందు నా చేతికి ఆ పాస్‌బుక్ ఇచ్చి ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదని ఆయనకి తెలుసు.

సంపాదకులు గారూ, ఆమెగానీ ఆమె పిల్లలుగానీ మీ పత్రిక చదువుతుంటే, మీ కార్యాలయానికి ఒక కార్డు రాయమని మనవి. అది నాకు అందేలా చూడండి. నా పేరు, చిరునామా మీకు విడిగా పంపుతున్నాను, దయచేసి ప్రచురించవద్దు. మా నాన్నని క్షమించమని అడగడానికి కాదు. ఆమె క్షమించకపోయినా ఆ డబ్బు ఆమెది. వేరేవాళ్ళు వచ్చి అడిగితే గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది: ఆ మిషన్ చెక్క బల్ల కుడి అంచున ఎవరో పిల్లలు మేకుతో రెండు అక్షరాలు గీకారు. అవి ఏ అక్షరాలో నాన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను ఇక్కడ రాయడం లేదు. ఆమెకి తెలుస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు